దూరపు పరుగు, దారిలో చలివేంద్రం

ఈ మధ్య మన కృష్ణా డెల్టా ఊళ్ళలో తెల్లవారకముందే రోడ్ల మీద పరుగెత్తేవారు కనిపిస్తున్నారు. పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు కొందరు. నలభై దాటి, మధుమేహమో రక్తపోటో బయటపడిన తరువాత నడక మొదలుపెట్టి, క్రమంగా పది, ఇరవై కిలోమీటర్ల పరుగుకు చేరుకున్నవారు మరికొందరు. వీరిలో చాలామంది ఒంటరిగా, నీళ్ళసీసా కూడా లేకుండా పరుగెత్తుతున్నారు.

నగరాలలో పద్ధతి వేరు. 2007లో ఆరంభమైన హైదరాబాద్ రన్నర్స్ వంటి సంఘాలు వారాంతాలలో దూరపు పరుగును జట్టుగా సాగిస్తాయి. దారి ముందే నిర్ణయించుకుంటారు. కొన్ని కిలోమీటర్లకొక చోట నీళ్ళు, ఉప్పు, అరటిపండ్లు పట్టుకుని స్వచ్ఛంద సేవకులు నిలబడతారు. వెనుకబడినవారికి తోడుగా ఒకరుంటారు. ఇది నగరవాసుల ఆడంబరమని మీరు అనుకోవచ్చు. చరిత్రను పరిశీలిస్తే ఈ ఏర్పాటు వెనుక ఎన్ని ప్రాణాల పాఠముందో తెలుస్తుంది.

హర్కారాల నాటి ఏర్పాటు

దూరపు పరుగు మన దేశానికి కొత్త కాదు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరం నెలకొల్పిన నాటికి రైలు లేదు, తంతి లేదు. కుంపిణీ కాలంలో ఉత్తరాలు కాలినడకన, పరుగున ప్రయాణించేవి. అయితే దూరమంతా ఒక్క మనిషి పరుగెత్తేవాడు కాదు. హర్కారా కొన్ని మైళ్ళు పోయి తపాలా సంచిని తరువాతి మజిలీలోని మనిషికి అందించేవాడు. అడవి దారులలో రాత్రివేళ దివిటీ పట్టేవాడు, డోలు వాయించేవాడు తోడు వెళ్ళేవారు. దూరాన్ని పంచుకోవడం, మజిలీలో విశ్రాంతి, దారిలో తోడు అనే ఈ మూడు సూత్రాలు ఏ వైద్యగ్రంథమూ చెప్పకముందే ఆచరణలో ఉన్నాయి.

వేసవిలో బాటసారుల కోసం చలివేంద్రం పెట్టి, నీళ్ళతో పాటు మజ్జిగ పోయడం కూడా మన ఆచారమే. నేటి రన్నింగ్ క్లబ్బు పెట్టే నీళ్ళబల్ల దానికి చుట్టమే.

నీళ్ళు ఇవ్వని పరుగు

ఆధునిక క్రీడాలోకం మాత్రం ఈ సంగతి ఆలస్యంగా గ్రహించింది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగు సుమారు 40 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మచిలీపట్నం నుండి గుడివాడకు పోయినంత దూరం. మండుటెండలో, దుమ్ము రేగే దారిలో ఆ పోటీ జరిగింది. నీళ్ళు తక్కువైతే శరీరం ఏమవుతుందో చూడాలన్న ఉద్దేశంతో నిర్వాహకులు దారిలో నీటి వసతిని బహు స్వల్పంగా ఉంచారు. బయలుదేరిన 32 మందిలో గమ్యం చేరినవారు 14 మంది. ఒకరు దుమ్ము మింగి, లోపల రక్తస్రావమై, దారిపక్కన పడిపోయి దొరికారు.

ఆ తరువాత కూడా దశాబ్దాల పాటు పరుగులో నీళ్ళు తాగడం బలహీనతగానే చెల్లుబాటయింది. 1969లో దక్షిణాఫ్రికా పరిశోధకులు విండ్‌హామ్, స్ట్రిడమ్ నీరు చాలకపోవడం వలన మారథాన్‌లో కలిగే ప్రమాదాన్ని వైద్యపత్రికలో ఎత్తిచూపారు. అక్కడి నుండి గాలి మళ్ళింది.

నీళ్ళు ఎక్కువైన పరుగు

గాలి మళ్ళి, మరీ అవతలి ఒడ్డుకు పోయింది. దాహం వేయకముందే తాగండి, తాగగలిగినంత తాగండి అన్న సలహా ప్రబలింది. ఫలితంగా మరొక జబ్బు బయటపడింది. నీరు మితిమీరితే రక్తంలోని సోడియం పలచబడుతుంది, మెదడు వాస్తుంది. డాక్టర్ టిమ్ నోక్స్ 1985లో ఇటువంటి రోగులను గురించి ప్రకటించారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 28 ఏళ్ళ యువతి ఈ కారణంగానే మరణించింది. అదే పరుగులో 488 మంది రక్తాన్ని పరీక్షించగా 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉందని 2005లో వెల్లడైంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవారిలో ఈ ముప్పు హెచ్చు. 2015లో నిపుణులు సమావేశమై, దాహాన్ని బట్టి తాగడమే క్షేమమని తేల్చారు.

ఔషధానికి మోతాదు ఉన్నట్లే నీటికీ ఉన్నది.

జట్టు అనే ఔషధం

1962లో న్యూజీలండ్‌లోని ఆక్లండ్‌లో శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ ప్రోత్సాహంతో సామాన్యుల పరుగు సంఘం ఆరంభమైంది. గుండెజబ్బు నుండి తేరుకున్నవారు కూడా అందులో చేరారు. నియమం సులువైనది: పక్కవారితో మాట్లాడగలిగే వేగం దాటకూడదు. అమెరికా శిక్షకుడు బిల్ బవర్‌మన్ అక్కడికి వెళ్ళి, డెబ్బై దాటిన హృద్రోగి తన పక్కన మాట్లాడుతూ పరుగెత్తడం చూసి విస్తుపోయాడు. 1967లో ఒక హృద్రోగ నిపుణునితో కలిసి జాగింగ్‌పై పుస్తకం వెలువరించాడు.

జాగింగ్‌ను అమెరికా అంతటా ప్రచారం చేసిన జిమ్ ఫిక్స్ 1984లో, 52 ఏళ్ళ వయసులో, ఒంటరిగా పరుగెత్తుతూ గుండెపోటుతో మరణించాడు. ఆయన రక్తనాళాలలో పూడికలు ఉన్నాయి. పరుగు వ్యర్థమని దీనికి అర్థం కాదు. పరుగు వైద్యపరీక్షకు బదులు కాదని, తోడు ఉండడం మేలని మాత్రమే.

మన డెల్టాలో

మన నేల చదును; ఎక్కడం, దిగడం లేదు. కానీ గాలిలో తేమ మన శత్రువు. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారిపోతే చల్లబడదు. తెల్లవారుజామున ఎండ లేకపోయినా తేమ ఆ వేళకే ఎక్కువ. బందరులోనూ దివిసీమలోనూ సముద్రపు గాలి ఆ ఉక్కను మరింత పెంచుతుంది. దాళ్వా కోతలలో కూలీలు కండరాలు పట్టేసి ఆసుపత్రికి రావడం నా ఉద్యోగకాలంలో ఏటా చూశాను. ఉప్పు మజ్జిగ తెచ్చుకున్న జట్లలో ఆ బాధ తక్కువగా కనిపించేది.

కాబట్టి మీరు నలుగురైదుగురే అయినా ఒక చిన్న సంఘంగా ఏర్పడండి. మచిలీపట్నం, పెడన, గుడ్లవల్లేరు, గుడివాడ ఊళ్ళవారు కలిస్తే దారి పొడుగునా చలివేంద్రాలు సిద్ధమైనట్లే. అవనిగడ్డ, నాగాయలంక వైపు కూడా అంతే. ఈ జాగ్రత్తలు పాటించండి.

1. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించండి.

2. వేసవి ఉక్కకు శరీరం అలవాటు పడడానికి పది నుండి పద్నాలుగు రోజులు పడుతుంది. అంతవరకు దూరం తగ్గించండి.

3. నాలుగైదు కిలోమీటర్లకొక చోట నీళ్ళు, ఓ.ఆర్.ఎస్. లేదా ఉప్పు మజ్జిగ ఉంచండి. దాహానికి తాగండి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయం వైద్యుని అడగండి.

4. పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకోండి. బరువు పెరిగితే నీళ్ళు మించాయి. రెండు మూడు శాతం మించి తగ్గితే చాలలేదు.

5. నొప్పి మాత్రలు వేసుకుని పరుగెత్తకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

6. ఎవరైనా తూలుతూ, మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోపు అక్కడికక్కడే చల్లబరచండి. తొట్టి నిండా చల్లని నీరుంటే తల పైకి పట్టుకుని మెడదాకా ముంచండి. లేకుంటే ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో ఏమీ పోయకండి.

ఈ ఆరవ జాగ్రత్త ఒంటరిగా పరుగెత్తేవాడు తనకు తాను చేసుకోలేనిది. తన మాట తడబడుతున్నదని అతనికి తెలియదు, పక్కనున్నవాడికే తెలుస్తుంది. వచ్చే ఆదివారం పరుగుకు బయలుదేరే ముందు పక్కింటి మిత్రుణ్ణి కూడా లేపండి.