హోమ్ నుంచి ప్రొకు: విండోస్ ఎడిషన్ల చరిత్ర

ఇంటి ల్యాప్‌టాప్‌లతో వచ్చే విండోస్ హోమ్‌నూ, సంస్థల కోసం అమ్మే విండోస్ ప్రొనూ ఈనాడు వేరు చేసేది 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఒక్కటే. కీ కొనుక్కుని సెట్టింగ్స్‌లో టైప్ చేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ నడిపితే ఎడిషన్ మారిపోతుంది. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉన్నచోటే ఉంటాయి. 1990ల్లో మాత్రం ఇంటి విండోస్, ఆఫీసు విండోస్ పేరు ఒకటైనా పునాదులు వేరైన రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు.

ఇంటి శాఖ ఎంఎస్-డాస్ నుంచి పుట్టింది. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95, ఆ తర్వాతి 98, ఎంఈ ఆ వరసలోనివే. వాటికి తక్కువ మెమరీ చాలు. పాత ఆటలు, ప్రింటర్లు వాటితో సాఫీగా పనిచేసేవి. కానీ ఒక ప్రోగ్రాము చెడితే మొత్తం యంత్రం నిలిచిపోవచ్చు. కీబోర్డు ముందు కూర్చున్నవారు ఏ ఫైలునైనా తెరవవచ్చు, చెరపవచ్చు. ఆఫీసు శాఖ పేరు విండోస్ ఎన్‌టీ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ నుంచి 1988లో మైక్రోసాఫ్ట్‌కు వచ్చిన డేవ్ కట్లర్ బృందం దాన్ని కొత్తగా నిర్మించింది. 1993 జులైలో వెలువడిన ఎన్‌టీ 3.1లో ఒక్కో వాడుకదారుకు ఒక్కో ఖాతా, ఒక్కో ఫైలుకు వేర్వేరు అనుమతులు, ప్రోగ్రాములు ఒకదాని మెమరీలోకి మరొకటి చొరబడకుండా అడ్డుగోడలు ఉండేవి. ఈ భద్రతకు తగినంత బరువూ ఉంది. విండోస్ 95కు కనీసం 4 ఎంబీ మెమరీ సరిపోగా, 1996 నాటి ఎన్‌టీ 4.0 వర్క్‌స్టేషన్‌కు కనీసం 12 ఎంబీ కావలసి వచ్చింది. ఈ శాఖకు ‘ప్రొఫెషనల్’ అన్న పేరు 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో వచ్చింది.

ఈ చీలిక భారతీయ లిపుల మీదా పడింది. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, వాటిని తెర మీద సరిగా కూర్చే శక్తి విండోస్‌కు చాలాకాలం లేదు. పత్రికలు, డీటీపీ కేంద్రాలు శ్రీలిపి, అను వంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ల మీద ఆధారపడేవి. ఒకదానిలో టైప్ చేసినది మరొకదానిలో తెరిస్తే అక్షరాలు చెదిరిపోయేవి. విండోస్ 2000 దేవనాగరిని, తమిళాన్ని నేరుగా చూపగలిగింది. తెలుగు కోసం 2001లో వచ్చిన ఎక్స్‌పీ దాకా ఆగవలసి వచ్చింది.

మహారాష్ట్ర తూర్పు అంచున తెలంగాణను ఆనుకుని ఉన్న చంద్రపూర్ వంటి జిల్లాలో ఈ తేడా ఆలోచించదగినది. 1964 దాకా చాందా అని వ్యవహారంలో ఉన్న ఈ ప్రాంతంలో బొగ్గు గనులు, బల్లార్‌పూర్ కాగితం మిల్లు ఉన్నాయి. కాజీపేట నుంచి వచ్చే రైలు మార్గం ఇక్కడి బల్లార్షా మీదుగానే సాగుతుంది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనిది. మరాఠీతో పాటు తెలుగు కూడా వినిపించే నేల ఇది. ఇలాంటి చోట 2000లో దేవనాగరి వల్ల మరాఠీకి విండోస్‌లో దారి దొరికింది గానీ, అది ఆఫీసుల కోసం తయారైన ప్రొఫెషనల్ యంత్రాల్లోనే. అదే కాలపు విండోస్ 98, ఎంఈ ఇళ్లకు ఆ సౌకర్యం అందలేదు.

2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీ రెండు శాఖలనూ కలిపింది. డాస్ పునాదిని వదిలి, ఇంటికీ ఆఫీసుకూ ఎన్‌టీ పునాదినే ఇచ్చింది. తెలుగు కోసం గౌతమి ఫాంట్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు హోమ్ ఎడిషన్‌లోనూ ఉన్నాయి; కంట్రోల్ ప్యానెల్‌లో భారతీయ లిపుల మద్దతును ఒకసారి ఆన్ చేసుకుంటే చాలు. మహారాష్ట్రలో ఎంఎస్-సీఐటీ కంప్యూటర్ కోర్సు మొదలైనదీ 2001లోనే. మహారాష్ట్ర నాలెడ్జ్ కార్పొరేషన్ ద్వారా జిల్లాలకు విస్తరించిన ఆ కోర్సు, ప్రభుత్వ ఉద్యోగార్థులకు అవసరమైన అర్హతగా మారి, లక్షల మందికి విండోస్‌ను పరిచయం చేసింది.

పునాది ఒకటయ్యాక హోమ్, ప్రొఫెషనల్ తేడాను కావాలనే పెట్టవలసి వచ్చింది. ఎక్స్‌పీ హోమ్ సంస్థల డొమైన్ నెట్‌వర్క్‌లో చేరలేదు. దాని నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో మరో యంత్రాన్ని నడపవచ్చు గానీ, దాన్ని దూరం నుంచి నడపడం కుదరదు. ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఈఎఫ్‌ఎస్, యంత్రానికి నియమాలు విధించే గ్రూప్ పాలసీ ఎడిటర్ ప్రొఫెషనల్‌కే పరిమితం. అప్‌గ్రేడ్ ధర అమెరికాలో హోమ్‌కు 99 డాలర్లు, ప్రొఫెషనల్‌కు 199. హోమ్ నుంచి ప్రొఫెషనల్‌కు మారాలంటే సీడీ కొని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

సీడీ అవసరాన్ని తగ్గించిన పథకం ‘ఎనీటైమ్ అప్‌గ్రేడ్’. ఇది 2007 జనవరిలో బజారుకు వచ్చిన విస్టాతో మొదలైంది. అన్ని ఎడిషన్ల సరుకూ ఒకే డిస్కులో ఉండేది. ఏ గది తాళం తీయాలో కీ నిర్ణయించేది. 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7లో ఆ పని కీతోనే కొద్ది నిమిషాల్లో పూర్తయింది. హోమ్ ప్రీమియం నుంచి ప్రొఫెషనల్‌కు మారడానికి అమెరికాలో 89.99 డాలర్లు తీసుకునేవారు. హద్దులు మెమరీ దాకా పాకాయి. 64-బిట్ హోమ్ బేసిక్ 8 జీబీ, హోమ్ ప్రీమియం 16 జీబీ, ప్రొఫెషనల్ 192 జీబీ వరకు వాడుకోగలిగేవి. భారత్ వంటి దేశాల కోసం చవక మెట్లూ వేశారు. వాటిలో ఎక్స్‌పీ స్టార్టర్ ఒకేసారి మూడు ప్రోగ్రాములకు మించి తెరవనిచ్చేది కాదు.

2012 అక్టోబరులో విండోస్ 8 ఎడిషన్ల గుంపును తగ్గించింది. డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్, ఒక యంత్రంలో మరో యంత్రాన్ని నడిపే హైపర్-వీ ప్రొలోకి వచ్చాయి. అదే సమయంలో భారత్‌లో అమ్మే చాలా ల్యాప్‌టాప్‌లకు ‘సింగిల్ లాంగ్వేజ్’ ఎడిషన్ అలవాటైంది. అందులో తెలుగులో, మరాఠీలో టైప్ చేయడానికి అడ్డు లేదు. మెనూల భాషను మాత్రం మార్చుకోనివ్వదు. ప్రొకు మారితే ఆ కట్టడి పోతుంది. ఆఫీసు నెట్‌వర్క్‌తో పనిలేని ఇంటికి కూడా అప్‌గ్రేడ్‌తో అక్కర ఏర్పడిన సందర్భం ఇది.

2015 జులై 29న వచ్చిన విండోస్ 10, 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 ఈ పద్ధతినే కొనసాగించాయి. అప్‌గ్రేడ్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే కొనవచ్చు. అమెరికాలో ధర సుమారు 99 డాలర్లు. హక్కు ఆ యంత్రానికి డిజిటల్ లైసెన్స్‌గా నమోదవుతుంది కాబట్టి, అదే యంత్రంలో ప్రొను తిరిగి ఇన్‌స్టాల్ చేసినా కీ మళ్లీ అడగదు. వెనక్కి వచ్చే దారి అంత సులువు కాదు. ప్రొ నుంచి హోమ్‌కు దిగాలంటే సాధారణంగా అంతా చెరిపి కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. ఎడిషన్ మారినంత మాత్రాన ల్యాప్‌టాప్ వేగం పెరగదు, ప్రాసెసర్ మారదు. తగిన హార్డ్‌వేర్ ఉంటే హోమ్‌లోనూ ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ దొరుకుతుంది. దాన్ని వివరంగా అదుపు చేసే సాధనాలు మాత్రం ప్రొలోనివి.

ఒకప్పుడు ఆయుష్షులోనూ తేడా ఉండేది. పొడిగింపు మద్దతు వ్యాపార ఎడిషన్లకే దక్కేది. 2007 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ హోమ్‌కూ దాన్ని ఇవ్వడంతో, హోమ్, ప్రొఫెషనల్ రెండింటికీ భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8నే ముగిశాయి. విండోస్ 10 హోమ్‌కూ, ప్రొకూ సాధారణ మద్దతు ఆగినదీ ఒకే రోజు, 2025 అక్టోబరు 14న. పాత హోమ్ యంత్రాన్ని ప్రొ చేసుకున్నా ఆ గడువు కదలదు. ప్రొ కోసం చెల్లించే డబ్బు డొమైన్, రిమోట్ డెస్క్‌టాప్, బిట్‌లాకర్, గ్రూప్ పాలసీ, భాషా స్వేచ్ఛ వంటి హక్కుల ధరే. వాటిలో దేనితోనూ పనిలేని ఇంటికి హోమ్ సరిపోతుంది.