హీబ్రూ బైబిల్‌లో యుద్ధ స్మృతి, జాతి భావన

ప్రాచీన పశ్చిమాసియాలో యుద్ధాన్ని రాతిలో చెక్కించినవాడు సాధారణంగా రాజే. క్రీ.పూ. 9వ శతాబ్దపు మోయాబు రాజు మేషా శాసనం 1868లో దీబోనులో బయటపడింది. ఇప్పుడది పారిస్‌లోని లూవ్రు మ్యూజియంలో ఉంది. అది ‘నేను’తో మొదలై, పట్టిన పట్టణాలూ కట్టించిన గోడలూ ఏకరువు పెడుతుంది. హీబ్రూ బైబిల్‌లోనూ రాజుల విజయాలు లేకపోలేదు గాని, అక్కడ పదే పదే ఎదురయ్యే ప్రశ్న వేరు: పిలుపు వచ్చినప్పుడు ఎవరు కదిలారు, ఎవరు కదల్లేదు? క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను అష్షూరు చేతికి, 586 ప్రాంతంలో యెరూషలేము బబులోను చేతికి చిక్కాక, రాజూ రాజ్యమూ పోయిన జనం తామంతా ఒకటేనని చెప్పుకోవడానికి ఈ హాజరు పట్టీ పనికొచ్చింది. అమెరికా పండితుడు జేకబ్ రైట్ 2020లో వెలువరించిన గ్రంథంలో ఈ దిశగానే వాదించాడు.

న్యాయాధిపతుల గ్రంథం 5వ అధ్యాయంలోని దెబోరా గీతం చూస్తే విషయం తెలుస్తుంది. కనాను సేనాని సీసెరా ఓటమిని పాడే ఈ గీతంలో పోరు వర్ణన కంటే ముందే ఇశ్రాయేలు గోత్రాల పేర్లు వస్తాయి. ఎఫ్రాయిము, బెన్యామీను, మాకీరు, జెబూలూను, ఇశ్శాఖారు, నఫ్తాలి వచ్చారు. రూబేనువాళ్లు గొర్రెల దొడ్ల మధ్య కూర్చుని తర్జనభర్జన పడ్డారు. గిలాదు యొర్దాను అవతలే ఉండిపోయింది. దాను ఓడలను, ఆషేరు సముద్ర తీరాన్ని వదల్లేదు. మేరోజు అనే ఊరికైతే ఏకంగా శాపమే. ఆ వెంటనే దీవెన యాయేలుకు: సీసెరా కణతలో గుడారపు మేకు దిగగొట్టిన ఈమె కేనీయుడైన హెబెరు భార్య. ముఖం చాటేసినవాళ్లకు శాపం, పరాయి ఇంటి స్త్రీకి దీవెన పక్కపక్కనే నిలిచాయి. యూదా గోత్రం ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఈ గీతం రాజరికానికి ముందటిదని చాలామంది పండితులు భావిస్తారు. అలాంటప్పుడు పరాజయం తర్వాతి అవసరాలను దీనికి ఎలా అంటగట్టగలమన్న ఆక్షేపణ సహజం. గీతం ఎప్పుడు పుట్టిందన్నది ఒక సంగతి, దాన్ని ఎందుకు దాచుకున్నారన్నది ఇంకొకటి. దీనికి ముందున్న 4వ అధ్యాయపు వచన కథ సైన్యంలో నఫ్తాలినీ జెబూలూనునూ మాత్రమే పేర్కొంటుంది. ఒకే యుద్ధానికి రెండు పట్టికలున్నాయంటే, ఎవరి పేరు ఎక్కాలన్నది వాటిని దాచుకున్నవాళ్లకు చిన్న విషయం కాదన్నమాట.

పట్టికలో చోటు కోసం సాగే బేరసారాలు సంఖ్యాకాండం 32వ అధ్యాయంలో ఇంకా బాహాటంగా కనిపిస్తాయి. పశువులు మెండుగా ఉన్న రూబేనీయులూ గాదీయులూ యొర్దానుకు తూర్పు భూములు అడుగుతారు. తక్కినవాళ్లు యుద్ధానికి పోతుంటే మీరిక్కడ కూర్చుంటారా అని మోషే నిలదీస్తాడు. ముందు వరసలో నడుస్తామని మాటిచ్చాకే భూమి దక్కుతుంది. ఈ అధ్యాయం అతారోతును గాదీయులే కట్టారంటుంది. మేషా శాసనమేమో ఆ ప్రాంతంలో గాదు మనుషులు అనాదిగా ఉన్నారనీ, పట్టణం కట్టించింది ఇశ్రాయేలు రాజనీ విడదీసి చెబుతుంది. సరిహద్దులో ఉన్న ఆ జనం ఎవరివాళ్లన్నది తేలని మాట కాబట్టే, వాళ్ల సేవను కథకట్టి నిలపవలసి వచ్చిందని నా ఊహ.

పురావస్తు శాస్త్రం ఈ కథల చారిత్రకతను దెబ్బతీసిందన్నది మరో అభ్యంతరం. నిజమే. 1950లలో కాథ్లీన్ కెన్యన్ యెరికోలో జరిపిన తవ్వకాల్లో, యెహోషువ కాలంగా చెప్పే నాటికి అక్కడ కూల్చడానికి ప్రాకారాలున్న నగరం కనబడలేదు. అయితే అది వాదాన్ని బలహీనపరచదు. జరగని యుద్ధంలో సైతం యెరికోలోని రాహాబు అనే కనాను వేశ్య ఇశ్రాయేలు గూఢచారులను దాచి, తన కుటుంబంతో సహా ఇశ్రాయేలు మధ్య చోటు సంపాదించిందంటే, ఆ కథ ఎవరి ప్రవేశాన్ని సమర్థిస్తోందో అడగాలి.

అసలు బరువైన ఆక్షేపణ హింసకు సంబంధించినది. ఈ స్మృతులు తలుపు తెరిచినట్టే మూసేస్తాయి కూడా. ఇశ్రాయేలుతో యుక్తిగా సంధి చేసుకున్న కనాను ప్రాంతపు గిబియోనీయులు బతికిపోయారు గాని, కట్టెలు కొట్టే, నీళ్లు మోసే పనులకు పరిమితమయ్యారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి వచ్చినప్పుడు వాళ్లకు చేసిన మేలు గుర్తుచేసి కేనీయులను తప్పుకోమన్న రాజు సౌలు, అదే దండయాత్రలో అమాలేకీయులపై కత్తి దూశాడు; వాళ్ల పసిపిల్లలను సైతం వదలొద్దన్నది అతనికి అందిన ఆజ్ఞ.