ఓనో నియమం: మానవ, మూషిక ఎక్స్ క్రోమోజోముల పోలిక
జరాయువు గల క్షీరదాలలో జాతి మారినా ఎక్స్ క్రోమోజోముపై ఉండే జన్యువులు మారవని సుసుము ఓనో 1967లో ప్రతిపాదించారు. ఆడజీవుల కణాలలో రెండు ఎక్స్‌లలో ఒకటి నిష్క్రియమవుతుందని మేరీ లయన్ 1961లో ఎలుకల ఆధారంగా సూచించి ఉన్నారు. ఎక్స్‌ను విడిచిన జన్యువు ఈ మోతాదు సమతౌల్యాన్ని చెదరగొడుతుంది కనుక నిలవదని ఓనో తర్కం. మానవ ఎక్స్‌పై గల జీ6పీడీ జన్యువు ఎలుకలోనూ ఎక్స్‌పైనే ఉంది. జన్యువుల వరుస మాత్రం ఖండాలుగా తారుమారైంది.

మానవ ఎక్స్ అనుక్రమం 2005లో వెలువడ్డాక పోలిక నిశితమైంది. ఒకే ప్రతి గల జన్యువులలో 94–95 శాతం ఉభయ జాతులకూ ఉమ్మడివని 2013 నాటి అధ్యయనం తేల్చింది. పలు ప్రతులుగా పెరిగిన జన్యువులలో మానవునివి 31 శాతానికి, ఎలుకవి 22 శాతానికి మాత్రమే రెండవ జాతిలో సమజన్యువులు కనిపించాయి. ఇవి ప్రధానంగా వృషణాల బీజకణాలలో వ్యక్తమవుతాయి. ఓనో నియమానికి హద్దు ఇక్కడే ఏర్పడింది.