వరదల అనంతరం ఆరోగ్య అవసరాల అంచనా: చందానగర్ పరిసరాలలో గమనించవలసిన అంశాలు

వరద నీరు తగ్గినంత మాత్రమున ప్రజారోగ్య ముప్పు తొలగిపోదు. పలు వ్యాధులు ఆ తరువాతనే బయటపడతాయి. అందువలన సహాయక చర్యలతో పాటు ప్రజల ఆరోగ్య అవసరాలను శాస్త్రీయంగా అంచనా వేయవలసి ఉంటుంది.

హైదరాబాద్ నగరం 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలను చవిచూసింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్ల వర్షపాతం నమోదైంది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు నీట మునిగాయి. నాడు కోవిడ్ ప్రబలి ఉన్నందున పునరావాస కేంద్రాలలో రద్దీ సైతం ఆరోగ్య సమస్యగా పరిణమించింది.

తొలి 72 గంటలలో మృతులు, క్షతగాత్రులతో పాటు గర్భిణులు, డయాలసిస్ రోగులు, ఇన్సులిన్ వాడేవారి వివరాలు సేకరించాలి. విద్యుత్తు నిలిచిపోతే ఇన్సులిన్ నిల్వలు పాడయ్యే ప్రమాదం ఉంది.

అనంతరం ఇంటింటి నమూనా సర్వే చేపట్టాలి. 30 సముదాయాలను ఎంపిక చేసి, ఒక్కొక్క దానిలో 7 కుటుంబాల చొప్పున 210 కుటుంబాలను విచారించుట వాడుకలో ఉన్న పద్ధతి. చందానగర్ వంటి ప్రాంతాలలో అపార్టుమెంట్లు, బస్తీలతో పాటు హాస్టళ్లు, భవన నిర్మాణ కార్మికుల నివాసాలను కూడ చేర్చాలి. స్థానిక రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాలపైనే ఆధారపడినచో వలస కార్మికులు లెక్కకు రారు. లెక్కకు రాని వారికి మందులూ అందవు.

సరఫరా నీరు శుద్ధమైనదే అయినను, మునిగిన సంపులో కలుషితం కావచ్చును. కావున ప్రధాన పైపులో మాత్రమే గాక, ఇంటి కుళాయి వద్ద కూడ పరీక్షించాలి. అత్యవసర పరిస్థితులలో లీటరు నీటికి కనీసం 0.5 మిల్లీగ్రాముల అవశేష క్లోరిన్ ఉండాలి.

కలరా లక్షణాలు కొన్ని గంటల నుండి 5 రోజులలోగా కనిపిస్తాయి. లెప్టోస్పైరోసిస్ సాధారణంగా 5 నుండి 14 రోజులలో, హెపటైటిస్-ఇ కామెర్లు 2 నుండి 10 వారాలలో బయటపడతాయి. నిల్వ నీటిలో దోమలు పెరుగుటకు వారం నుండి పది రోజులు, కాటు అనంతరం డెంగ్యూ లక్షణాలకు మరి 4 నుండి 10 రోజులు పడుతుంది. కాబట్టి వారం రోజులకే నిఘాను ముగించరాదు.

వైద్య శిబిరాల సంఖ్య పెరిగినప్పుడు నమోదయ్యే కేసులూ పెరుగుతాయి. కావున అధికారులు గణాంకాలను విడుదల చేయునపుడు, పాత్రికేయులు వాటిని ప్రచురించునపుడు తేదీ, ప్రాంతం, పరీక్షించిన వారి సంఖ్యలను తప్పక పేర్కొనుట సముచితం.