కాఫీ తాగితే గురి తప్పుతుందా? చేతి వణుకు వెనకున్న వందేళ్ల కథ

ఈ ఎపిసోడ్‌ని నా పరువు తీసిన ఒక సంగతితో మొదలుపెడతాను.

డిగ్రీ సెకండియర్‌లో ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లాను. తెల్లారితే ఫైరింగ్. టెన్షన్‌తో రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా సీనియర్ అన్న, "స్ట్రాంగ్ కాఫీ కొట్టరా, కళ్లు తెరుచుకుంటాయి" అన్నాడు. సరే అని రెండు స్టీలు గ్లాసులు లాగించేశా. పాయింట్ టూ టూ రైఫిల్, నేల మీద బోర్లా పడుకుని ఐదు రౌండ్లు కాల్చాలి. ఐదూ ఒకే చోట గుంపుగా పడాలి, దాన్నే గ్రూపింగ్ అంటారు. నావి ఐదూ ఐదు ఊళ్లకి పోయాయి. పేపర్ చూసి సుబేదార్ సాబ్ ఒక్క మాట అడిగారు: "చాయ్ పియా క్యా?" "కాఫీ సార్" అన్నాను. "వహీ తో" అని పక్కవాడి దగ్గరికి వెళ్లిపోయారు.

అప్పట్నుంచి నా బుర్రలో ఒకటే ప్రశ్న. నిజంగా కాఫీయేనా నా గురి తప్పించింది? వెతుకుతూ పోతే ఈ ప్రశ్న ఒక కోర్టు కేసులోకి, తర్వాత ఒలింపిక్స్‌లోకి తీసుకెళ్లింది. ఆ కథే ఈరోజు చెప్తాను.

ముందు గురి అంటే ఎంత చిన్న విషయమో చూడండి. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన ఈవెంట్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఆ టార్గెట్‌లో పది పాయింట్లు ఇచ్చే చుక్క వ్యాసం ఎంతో తెలుసా? అర మిల్లీమీటర్! పది మీటర్ల దూరం నుంచి, నిలబడి, దాన్ని కొట్టాలి. ఆ లెవెల్లో సొంత గుండె చప్పుడు కూడా తుపాకీ గొట్టాన్ని కదిలిస్తుంది. పైగా ఎంత ఆరోగ్యవంతుడి చెయ్యి అయినా సెకనుకి 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. మన కంటికి ఆనదు, అంతే.

ఇందులో కాఫీ ఏం చేస్తుంది? మనం మేలుకుని ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. "ఇక చాలు, పడుకో" అని చెప్పేది అదే. కెఫీన్ వెళ్లి అడినోసిన్ కూర్చోవాల్సిన సీట్లో కూర్చుంటుంది. దాంతో నిద్రమత్తు వదులుతుంది, చురుకు వస్తుంది. కానీ డోసు ఎక్కువైతే అదే చురుకు చేతిలో వణుకుగా బయటపడుతుంది. అంటే కంటికి మేలు చేసే మందే చేతికి చెడు చేయొచ్చన్నమాట. దీన్ని లెక్క కట్టి చూసిన కథ 1911లో ఉంది.

అమెరికాలో 1909లో ప్రభుత్వం కోకాకోలా సిరప్ పీపాలు పట్టుకుంది. నలభై పెద్దవి, ఇరవై చిన్నవి. కేసు పేరే "అమెరికా ప్రభుత్వం వర్సెస్ నలభై పీపాలు, ఇరవై చిన్న పీపాలు"! అందులో కలిపిన కెఫీన్ ఆరోగ్యానికి హానికరం అని ఆరోపణ. 1911లో టెనెస్సీ రాష్ట్రం ఛట్టనూగాలో విచారణ. తీరా చూస్తే కెఫీన్ మనిషి మీద ఎలా పనిచేస్తుందో చెప్పడానికి కంపెనీ చేతిలో సరైన లెక్కలు లేవు. అప్పుడు హ్యారీ హాలింగ్‌వర్త్ అనే కుర్ర సైకాలజిస్టుని పట్టుకున్నారు. కంపెనీ డబ్బుతో చేసే పని అంటే జనం అనుమానిస్తారని ఆయనకీ తెలుసు. కానీ భార్య లీటా పైచదువుకి డబ్బు కావాలి. అందుకే, ఫలితాలని ప్రకటనల్లో వాడుకోకూడదని ముందే షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

న్యూయార్క్‌లో ఒక ఇల్లు తీసుకుని, 16 మందిని పెట్టుకుని, 40 రోజులు పరీక్షలు చేశారు. ఎవరికి కెఫీన్ ఇచ్చారో, ఎవరికి ఉత్త చక్కెర గొట్టం ఇచ్చారో తాగినవాళ్లకీ తెలియదు, పరీక్ష పెట్టేవాళ్లకీ తెలియదు. ఆ రోజుల్లో ఇంత జాగ్రత్త చాలా అరుదు. ఎందుకంత జాగ్రత్త? "నేను కాఫీ తాగాను" అని తెలిస్తేనే కొందరికి చెయ్యి వణకొచ్చు కాబట్టి.

ఆ పరీక్షల్లో ఒకటి మన షూటింగ్‌కి అచ్చంగా చుట్టమే. చేతిలో సన్నటి లోహపు పుల్ల, ఎదురుగా చిన్న రంధ్రం. పుల్లని రంధ్రం మధ్యలో అంచులకి తగలకుండా పట్టుకోవాలి. తగిలిన ప్రతిసారీ కరెంటు పరికరం లెక్క పెడుతుంది. వేళ్లతో టకటకా తట్టే వేగం లాంటివి కెఫీన్‌తో పెరిగాయి. కానీ ఆరు గ్రెయిన్ల పెద్ద డోసు, అంటే దాదాపు 390 మిల్లీగ్రాములు ఇస్తే చెయ్యి స్పష్టంగా వణికింది. మన లెక్కలో అది నాలుగైదు కప్పుల కాఫీ. అంటే వందేళ్ల క్రితమే అసలు సంగతి తేలిపోయింది: కెఫీన్ వేగం ఇస్తుంది, ఎక్కువైతే నిలకడ తీసుకుపోతుంది.

ఇప్పుడు ఒలింపిక్స్‌కి వద్దాం. వేసవి ఒలింపిక్స్‌లో డోపింగ్ పరీక్షలు మొదలైంది 1968 మెక్సికో సిటీలో. మొట్టమొదట దొరికిపోయింది ఎవరో తెలుసా? స్వీడన్‌కి చెందిన హాన్స్ గున్నర్ లిలియెన్వాల్. ఈయన ఆట మోడర్న్ పెంటాథ్లాన్: అప్పట్లో కత్తియుద్ధం, ఈత, గుర్రపుస్వారీ, పరుగు, పిస్టల్ షూటింగ్, ఐదూ ఒక్కరే చెయ్యాల్సి ఉండేది. ఈయన వాడిన "డ్రగ్" బీరు! షూటింగ్ ముందు కంగారు తగ్గడానికి రెండు బీర్లు తాగానన్నాడు. స్వీడన్ జట్టు కంచు పతకం పోయింది.

గమనించారా? షూటింగ్‌లో మోసం అంటే శరీరాన్ని ఉరకలెత్తించడం కాదు, నెమ్మదింపజేయడం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జాంగ్ సు రెండు పతకాలు గెలిచి రెండూ పోగొట్టుకున్నాడు. దొరికింది ప్రొప్రనలాల్. గుండె వేగాన్నీ చేతి వణుకునీ తగ్గించే బీటా బ్లాకర్ మందు అది. షూటింగ్‌లో ఈ మందుల మీద ఇప్పటికీ నిషేధం ఉంది.

మరి కాఫీ? కాఫీ పని దీనికి ఉల్టా కదా. అయినా 1984 నుంచి కెఫీన్‌కీ పరిమితి పెట్టారు. మొదట మూత్రంలో మిల్లీలీటరుకి 15 మైక్రోగ్రాములు, తర్వాత 12. ఆ గీతకి బలైనవాడు ఆస్ట్రేలియా పెంటాథ్లాన్ ఆటగాడు అలెక్స్ వాట్సన్. 1988 సియోల్‌లో కెఫీన్ ఎక్కువ ఉందని పోటీల మధ్యలోనే ఇంటికి పంపేశారు. పోటీ పొడుగునా కాఫీ, కోలా తాగుతూ ఉన్నానని ఆయన మొత్తుకున్నాడు. దేశం మొత్తం ముందు "డ్రగ్ చీట్" అని ముద్ర. తర్వాత నిషేధం తొలగింది, 1992 బార్సిలోనాలో మళ్లీ ఆడాడు కూడా. కానీ సియోల్ తిరిగి రాదు కదా.

నన్ను బాగా కలచింది ఇదే. పరుగు, సైక్లింగ్ లాంటి ఆటల్లో కెఫీన్ సాయం చేసే డోసు కిలో బరువుకి సుమారు 3 మిల్లీగ్రాములు. ఆ మాత్రం తాగితే 12 గీత దాటరు. గీత దాటాలంటే దానికి రెండు మూడు రెట్లు కావాలి. అంతా తాగితే పిస్టల్ పట్టుకున్న చెయ్యి ఏమవుతుందో హాలింగ్‌వర్త్ పుల్ల ఎప్పుడో చెప్పింది. అంటే తెలివిగా లాభపడేవాణ్ణి వదిలేసి, అమాయకంగా ఎక్కువ తాగి తన గురి తనే చెడగొట్టుకునేవాణ్ణి పట్టుకునే రూల్ అది. పైగా ఒకే కప్పు తాగిన ఇద్దరి మూత్రంలో కెఫీన్ ఒకేలా ఉండదు. చివరికి 2004 జనవరి 1 నుంచి నిషేధిత జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు ఎవరు ఎంత వాడుతున్నారో గమనిస్తారు, శిక్ష మాత్రం లేదు.

నిద్ర లేనివాడి సంగతేంటి, నా కేసులాగా? దీనికీ జవాబు ఉంది. అమెరికా నేవీ సీల్స్ శిక్షణలో "హెల్ వీక్" అని ఒకటి ఉంటుంది. మూడు రోజులు నిద్ర లేనివాళ్లకి 100, 200, 300 మిల్లీగ్రాముల కెఫీన్, లేదా ఉత్త మాత్ర ఇచ్చి గురి చూశారు. 2003లో అచ్చయిన ఫలితం ఇదీ: 200, 300 తీసుకున్నవాళ్లు గురి కుదుర్చుకోవడానికి తక్కువ టైమ్ తీసుకున్నారు. కానీ గురి మెరుగుపడలేదు, చెడిపోలేదు. కాఫీ వాళ్లని త్వరగా కాల్చేలా చేసింది, బాగా కాల్చేలా చెయ్యలేదు.

మరి నా ఐదు బుల్లెట్ల సంగతి? నిజం చెప్తున్నా, నేను రెండు గ్లాసుల్నే నిందించలేను. రాత్రి నిద్ర లేదు, భయం ఉంది, తుపాకీ పట్టుకోవడం మొదటిసారి. సుబేదార్ సాబ్ మాట విన్నాక నా చెయ్యి ఇంకా వణికింది, అది మాత్రం గ్యారంటీ. ఏది దేనివల్లో విడదీయాలంటే పక్కన చక్కెర గొట్టం తాగిన ఇంకో నేను ఉండాలి. హాలింగ్‌వర్త్‌కి 16 మంది, 40 రోజులు పట్టింది. సుబేదార్ సాబ్‌కి రెండు సెకన్లు. వాట్సన్ విషయంలో జరిగిందీ ఇలాంటిదే: చేతికి దొరికిన ఒక్క కారణం మీద మొత్తం తీర్పు.

మీలో ఎన్‌సీసీ ఫైరింగ్‌కో, షూటింగ్ సెలక్షన్స్‌కో వెళ్లేవాళ్లుంటే ఒక్క మాట. పోటీ రోజున కొత్త ప్రయోగాలు వద్దు. రోజూ ఒక కప్పు అలవాటుంటే ఆ కప్పే తాగండి, ఉన్నట్టుండి మానేస్తే తలనొప్పి రావచ్చు. అలవాటు లేకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. తాగిన అరగంట, గంటకి కెఫీన్ పీక్‌లో ఉంటుంది, సగం తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. ప్రాక్టీస్ రోజుల్లో తాగి, తాగకుండా, రెండు రకాలుగా కాల్చి నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ చెయ్యి ఏం చెప్తుందో అదే మీకు లెక్క.

మీ గ్రూపింగ్ ఎప్పుడైనా నాలాగా ఊళ్లు తిరిగిందా? కామెంట్స్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.