ఒకే కట్ట, పలు ఆయకట్టులు

మహబూబాబాదు జిల్లా బయ్యారమున కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదమూడవ శతాబ్దమున త్రవ్వించిన చెరువు నేటికిని కలదు. ఆ కీర్తి త్రవ్వించినవారిది మాత్రమే కాదు. తరతరముల పూడిక తీసి, గండ్లు పూడ్చినవారిది కూడ. జనగామ, భూపాలపల్లి ప్రాంతముల గొలుసుకట్టు చెరువుల నెరిగినవారికి, ఎగువ కట్ట తెగిన దిగువ చెరువులకు ముప్పని వేరుగ చెప్పనక్కరలేదు. కంప్యూటర్ల చరిత్రలోను ఇట్టి కథ యొకటి కలదు.

యంత్రమునకును, మనము వాడు కార్యక్రమములకును నడుమ నిలిచి పని నడుపు మూలభాగమును కెర్నెలందురు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించిన లినక్సు కెర్నెలును ఎవరైనను గైకొనవచ్చును, సవరింపవచ్చును. దానికి తక్కిన సామగ్రి చేర్చి డెబియను, ఉబుంటు, రెడ్‌హ్యాట్, సూసె మున్నగువారు తమ తమ పేర పంపిణీలు వెలువరించుచున్నారు. తెలుగున కంప్యూటరును పలికించిన ‘స్వేచ్ఛ’ కూడ డెబియను శాఖలోనిదే.

కొత్త కెర్నెలు రెండు మూడు మాసములకొకటి వచ్చును. ఆసుపత్రియు, బ్యాంకును ఏండ్ల తరబడి ఒక్కదానినే నమ్ముకొనును. తొల్లి ఒక్కొక్కరు ఒక్కొక్క కెర్నెలును ఎన్నుకొనిరి. రెడ్‌హ్యాట్ ఐదవ విడుదలకు 2.6.18, ఉబుంటు 8.04కు 2.6.24, డెబియను ఐదవ విడుదలకు 2.6.26 ఆధారములు. ఒకే లోపమునకు మూడుచోట్ల మరమ్మతు చేయవలసివచ్చెను. విడుదలలను కలిసికట్టుగా జరుపుకొందమని ఉబుంటు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ 2008లో కోరెను.

2009 డిసెంబరులో వచ్చిన 2.6.32 కడ దారులు కలిసెను. పైన జెప్పిన నలుగురును తమ దీర్ఘకాలపు విడుదలలను దానిపై నిలిపిరి. మొదట గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్, 2012 నుండి ఫ్రాన్సు దేశీయుడు విల్లీ టారో దానిని 2016 మార్చి వరకు కాపాడిరి. ఒకరు కనుగొన్న మరమ్మతు ఎగువ చేరి, దిగువనున్న వారందరికిని అందుటకు వీలు కలిగెను.

అయినను కట్ట కాయు చేతులు కొలదివే. విద్యుత్తు, రైలు వంటి వ్యవస్థల యంత్రములకు పదేండ్ల సంరక్షణ కావలెనని 2016లో కొన్ని సంస్థలు వేరుగ పూనుకొనినవి. 2017లో ఆరేండ్లకు పెరిగిన సాధారణ గడువును రెండేండ్లకు కుదింతుమని సంరక్షకులు 2023లో ప్రకటించిరి. భారము మోయువారు అలసిపోవుటయు అందుకొక కారణము.

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకును ఆధారము ఈ కెర్నెలే. నీరు పారించుకొనువారందరును మరమ్మతున పాలు పంచుకొనిననే చెరువు నిలుచును. ఆయకట్టు మనదైనప్పుడు, కట్ట యెవరిదని అడుగుట మనకు తగదు.