మి-8 (హెలికాప్టరు)

మి-8 సోవియట్ యూనియన్‌లో రూపొందిన మధ్యతరహా బహుళ ప్రయోజన హెలికాప్టరు. దీని రూపకర్త మిఖాయిల్ మిల్. దీని నుండే వచ్చిన మి-17తో కలిపి 12,000కు పైగా తయారైనవి.

== అభివృద్ధి ==
అంతకుముందరి మి-4లో బరువైన పిస్టన్ ఇంజను ముక్కుభాగంలో ఉండేది. పైలట్లు దాని పైన కూర్చొనేవారు. తేలికైన టర్బైన్ ఇంజను రావడంతో దానిని పైకప్పు మీదికి మార్చి, లోపలి స్థలమంతా ప్రయాణికులకు, సరుకులకు వదిలారు. 1961లో ఎగిరిన తొలి నమూనాకు ఒకే ఇంజను, నాలుగు రోటరు రెక్కలు ఉండేవి. 1962లో రెండు ఇంజన్ల నమూనా ఎగిరింది. తరువాత రెక్కలు ఐదయ్యాయి. ఎత్తైన, వేడి ప్రదేశాలలో శక్తి చాలనందున మరింత బలమైన ఇంజన్లతో మి-17 వచ్చింది. తోక రోటరు కుడివైపున ఉంటే పాత మి-8, ఎడమవైపున ఉంటే సాధారణంగా మి-17 అని పోల్చుకోవచ్చును. అయితే రష్యాలో కొత్తదానిని కూడా మి-8 అనే వ్యవహరించడం వలన పాఠకులు తికమకపడుతుంటారు.

== ఉపయోగాలు ==
ఇందులో 24 మంది సైనికులను గాని, 12 స్ట్రెచర్లను గాని, 4 టన్నుల సరుకును గాని తీసుకొనిపోవచ్చును. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగినపుడు మండుతున్న రియాక్టరుపై ఇసుక, సీసం, బోరాన్ జారవిడిచిన హెలికాప్టర్లలో ఇవి కూడా ఉన్నవి. పైలట్లు రేడియేషన్‌కు గురి అవుతూనే ఆ పని చేశారు. అదే సంవత్సరం అక్టోబరు 2న అక్కడ ఒక మి-8 రోటరు క్రేను తీగకు తగిలి కూలిపోగా నలుగురు సిబ్బంది మరణించారు.

భారత వైమానిక దళం మి-8ను, పిమ్మట మి-17ను వినియోగించింది. 2013 ఉత్తరాఖండ్ వరదలలో చిక్కుకున్న యాత్రికులను తరలించడంలో మి-17 వి5 ముఖ్యపాత్ర వహించింది. జూన్ 25న గౌరీకుండ్ సమీపంలో వాటిలో ఒకటి కూలి, అందులోని 20 మంది మరణించారు.